గొంతు కింద చప్పుడు

బంతి విసరడంలో పేరున్న రామిరో సాల్సెడో అనే పిచర్‌ని బఫెలో మిల్లర్స్ బేస్‌బాల్ జట్టు పన్నెండేళ్ళకి నలభై రెండు కోట్ల డాలర్లిచ్చి ఒప్పందం రాయించుకుందన్న కబురు మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఒంటిగంటకు తెలిసింది. ఒంటిగంటా పది నిమిషాలకల్లా రేడియో స్టేషన్లో డానా ముందున్న ఫోన్ లైన్లన్నీ ఎర్రగా వెలిగిపోయాయి.

గస్ అనే పెద్దాయన రోజూ నడిపే బేస్‌బాల్ కబుర్ల కార్యక్రమానికి ఫోన్లెత్తడం డానా పని. ఎవరు సూటిగా మాట్లాడతారో, ఎవరు తాగి ఉన్నారో రెండు ముక్కల్లో కనిపెట్టి, మంచివాళ్ళని గస్‌కి కలపాలి. ఆ రోజు ఊరు రెండుగా చీలింది. ఇన్నాళ్ళకి ఓనర్ జేబులోంచి చెయ్యి బయటికి తీశాడని సగంమంది సంబరపడ్డారు. అదే డబ్బుతో పదిమంది కుర్రాళ్ళని తెచ్చుకోవచ్చు కదా అని మిగతా సగం ఏడ్చారు. ఇక టికెట్టూ, బీరూ కూడా కొనలేమని ఒకావిడ శాపనార్థాలు పెట్టింది.

ఏడో లైన్లో ఒక మెత్తని గొంతు పలికింది.

"నా పేరు ఎల్లిస్. డబ్బు సంగతి కాదండీ. ఆ అబ్బాయి భుజంలో ఏదో ఉంది."

"మీరు డాక్టరా?"

"కాదు. నీళ్ళ శాఖలో పని."

డానాకి నవ్వాగలేదు. "పైపులు బాగుచేసేవాళ్ళు భుజాలు కూడా చూస్తారని తెలీదు."

"నిన్న ప్రాక్టీస్ ఆట రేడియోలో విన్నాను. బంతి విసిరాక అతను ఊపిరి వదులుతాడు కదా, దాని కింద ఇంకో చప్పుడుంది. ఆ భుజం జూన్ చూడదు."

ఇలాంటి జోస్యాలు ఆమె రోజుకి పది వింటుంది. చెప్పేవాళ్ళంతా అరుస్తారు. ఇతను మాత్రం తప్పు ఒప్పుకుంటున్నవాడిలా చెప్పాడు. డానా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అతన్ని గస్‌కి కలపకుండానే లైన్ కట్ చేసింది.

మర్నాడు రెండింటికి అతనే మళ్ళీ చేశాడు. ఆ మర్నాడూ అంతే. ప్రసారంలోకి వెళ్ళాలన్న ఆత్రం అతనికి లేదని త్వరలోనే ఆమెకి తెలిసిపోయింది. ఆమె కూడా రెండవుతుంటే ఏడో లైన్ వంక చూడటం మొదలుపెట్టింది. ఓనర్ డబ్బు మనం మిగిల్చి ఏం చేసుకుంటాం, తను పుట్టాక మిల్లర్స్ ఛాంపియన్లని తేల్చే వరల్డ్ సిరీస్ ఒక్కటీ ఆడలేదు, ఖర్చు పెట్టనీ అని ఆమె వాదన. అతనిది వేరే బెంగ.

"ఆటని కొనండి, కాదనను. పన్నెండేళ్ళ తర్వాతి ఒంటిని ఇప్పుడే కొన్నామనుకుంటున్నారే, అక్కడే నాకు భయం."

"మీలాంటివాళ్ళు పెళ్ళిళ్ళు కూడా చేసుకోరేమో," అంది డానా.

"ఇంతవరకూ ఎవరూ ఆఫర్ ఇవ్వలేదండీ," అన్నాడు ఎల్లిస్. ఆ సాయంత్రం బస్సులో ఆమె తనలో తనే నవ్వుకుంటుంటే పక్క సీటావిడ లేచి వేరే చోట కూర్చుంది.

మే నెల నడుమ ఒక మధ్యాహ్నం సరస్సు మీంచి పొగమంచు పాకి వచ్చి స్టేడియంలో పడింది. స్టూడియోలో టీవీ తెర సగం తెల్లగా ఉంది. మూడో ఇన్నింగ్స్‌లో సాల్సెడో ఒక బంతి విసిరి, అక్కడే ఆగిపోయాడు. పడిపోలేదు, అరవలేదు. కుడి చేయి తనది కానట్టు దాని వంక చూస్తూ నిలబడ్డాడు. పాతిక వేలమంది నోళ్ళు ఒక్కసారి మూతపడ్డాయి.

ఏడో లైన్ వెలిగింది. డానా ఎత్తింది.

"నేను అనకుండా ఉండాల్సింది," అన్నాడు ఎల్లిస్.

విషయం గస్ చెవిన పడింది. ఎల్లిస్‌ని ప్రసారంలోకి లాక్కొచ్చి, ఇంకెవరిలో ఏం వినబడుతోందని పట్టుబట్టాడు. ఎల్లిస్ చెప్పనన్నాడు. ఫోన్ చేసినవాళ్ళంతా తలో మాటా అని రెచ్చగొడితే, రెండో, మూడో బేస్‌ల మధ్య కాపుండే షార్ట్‌స్టాప్ ఎడమ మోకాలి మాట అతని నోరు జారింది. తొమ్మిదో రోజున ఆ కుర్రాడు మూడో బేస్ దగ్గర కూలబడ్డాడు.

ఆ తర్వాత ఫోన్ల తీరే మారిపోయింది. వచ్చే ఏడాది ఎవరిని కొనాలో అతన్నే అడగమని కొందరు. అసలు అతను నోరెత్తితేనే ఆటగాళ్ళు పోతున్నారని ఇంకొందరు. ఒకాయన ఎల్లిస్ పేరు పలకడానికి కూడా జంకి, "ఆయన" అన్నాడు.

డానాకి మాత్రం ఆ గొంతుకి ఒక మొహం కావాలనిపించింది. శనివారం ఆటకి రమ్మని తనే అడిగింది.

ఎల్లిస్ చెప్పిన చోటే, ఎడమ గోడ పక్కన, పై వరసలో, మోకాళ్ళ మధ్య తెల్లకర్ర పెట్టుకుని కూర్చున్న మనిషిని చూసి ఆమె రెండు మెట్ల కింద ఆగిపోయింది. ముప్ఫై దాటవు. బూడిదరంగు కళ్ళు ఎటూ చూడటంలేదు.

"ఫోన్లో చెప్పలేదేం?" అంది కూర్చుంటూ.

"మీరు బాగుంటారని మాత్రం మీరు చెప్పారా?"

"బాగుంటానని ఎవరన్నారు?"

"వెనక వరసవాళ్ళు మాటలాపేశారు, మీరు రాగానే."

ఆ రోజు కూడా మంచు దిగింది. అవుట్‌ఫీల్డ్‌లో మనుషులు లేరు, చొక్కాల మీది అంకెలే తేలుతున్నట్టున్నాయి. భూమిలో గొట్టాలు ఎక్కడ చిల్లిపడ్డాయో ఇనప కడ్డీ చెవికి ఆనించి వినడం తన పనని ఎల్లిస్ చెప్పాడు. ఒక హాట్‌డాగ్ ఇద్దరూ పంచుకున్నారు. ఓనర్ పిసినారితనం గురించి డానా గస్ గొంతు అనుకరిస్తుంటే అతను కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

"ఆ చివరి మాట మళ్ళీ అనండి."

అంది. అతని మొహంలో రక్తం ఇంకిపోయింది. నాలుగో ఇన్నింగ్స్ సగంలో, పనుందంటూ లేచి, కర్రతో మెట్లు వెతుక్కుంటూ మంచులోకి వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

మూడు వారాలపాటు రెండింటికి ఏడో లైన్లో ఎవరెవరో మాట్లాడారు. డానా మొదట బాధపడింది, తర్వాత మండిపడింది. తనలో అతనికి నచ్చనిదేదో తెలుసుకోవాలని నీళ్ళ శాఖకి ఫోన్ చేసి, అతని బృందం ఏ వీధిలో ఉందో కనుక్కుంది.

ఎండ మాడుతున్న రోడ్డు మధ్యలో ఎల్లిస్ మోకాళ్ళ మీద వంగి, కడ్డీకి చెవి ఆనించి ఉన్నాడు. తోడొచ్చిన డ్రైవర్ దూరంగా వ్యానులో ఉన్నాడు. అడుగులు దగ్గర పడగానే ఎల్లిస్ తల ఎత్తకుండానే, "డానా," అన్నాడు.

"నా నవ్వు నచ్చకపోతే నచ్చలేదని చెప్పచ్చు. పారిపోవడం దేనికి?"

అతను లేచి, కడ్డీని నేల మీద పెట్టాడు. "నీ గొంతు కింద ఒక చప్పుడుంది."

వీధిలో గాలి కూడా ఆగినట్టయింది. డానా చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి వెళ్ళింది.

"మార్చిలో లేదు. మేలో మొదలైంది. ఫోన్ లైన్లో గరగరేమోలే అనుకున్నాను. ఆ శనివారం పక్కనే కూర్చుని విన్నాను."

"మూడు వారాలు తెలిసి ఊరుకున్నావా?"

"ఇద్దరి పేర్లు పలికాను. ఇద్దరూ పడిపోయారు. వినబడి అన్నానో, నేను అన్నందుకే జరిగిందో నాకు తెలీదు. నీ పేరు కూడా... నోరు రాలేదు."

"పిరికివాడివి," అని ఆమె వెనక్కి తిరిగి నడిచింది. మూల మలుపు తిరిగేదాకా ఏడుపు ఆపుకుంది.

మొదటి డాక్టర్ ఏమీ లేదన్నాడు. డానా పట్టు వదలక రెండోసారి స్కాన్ తీయించుకుంటే, థైరాయిడ్ వెనక, మాటని పలికించే నరాన్ని ఆనుకుని కందిగింజంత గడ్డ బయటపడింది. మంచిది కాదు. ఏ బాధా లేకుండా ఇంత ముందుగా ఎలా వచ్చావమ్మా అని సర్జన్ ఆశ్చర్యపోయింది. గడ్డ మొత్తం తీసేయొచ్చని, గొంతు మాత్రం మునుపటిలా వస్తుందని మాటివ్వలేనని సర్జన్ అంది.

ఆగస్టులో ఆపరేషన్ అయింది. నరం వాచింది. వాపు తగ్గేదాకా నోట చప్పుడే రాకూడదన్నారు. ఆ రోజుల్లో ఎల్లిస్ రోజూ స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నాడని గస్ మెసేజ్ పంపాడు. ఆమె సెలవులో ఉందని తప్ప స్టేషన్లో ఎవరూ అతనికి ఇంకేమీ చెప్పడంలేదట. డానా ఎల్లిస్‌కి రెండుసార్లు మెసేజ్ రాసి చెరిపేసింది. అతను ఇష్టపడింది ఒక గొంతుని. అది ఇక లేకపోతే?

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక స్టేడియంకి వెళ్ళింది.

ఎల్లిస్ ఆ పై వరసలోనే ఉన్నాడు, చిక్కిపోయి. ముందు వరసలో ఇద్దరు పెద్దవాళ్ళు, విరిగిన మోకాలున్న షార్ట్‌స్టాప్‌కి ఇంకో ఎనిమిదేళ్ళు రాసిస్తారా, పంపించేస్తారా అని గట్టిగా పోట్లాడుకుంటున్నారు. డానా పక్క సీట్లో కూర్చుంది.

"అది ఒకరి సీటండీ," అన్నాడు ఎల్లిస్. "వాళ్ళు వస్తారు."

ఆమె కదల్లేదు. అతను మళ్ళీ అనబోయి ఆగాడు. చెవి ఇటు తిప్పాడు.

"డానా?"

ఆమె అతని చెయ్యి తీసుకుని తన మెడ మీద పెట్టుకుంది. అతని వేళ్ళు కుట్ల గీతని ఈ చివరనుంచి ఆ చివరదాకా మెల్లగా తడిమాయి.

"మాట్లాడొద్దన్నారా?"

అతని అరచేతి కింద ఆమె తల ఊపింది.

అతను వంగి ఆమె ఊపిరి విన్నాడు. ఎవరో బంతిని గోడ దాటించారు. చుట్టూ జనం లేచి హోరెత్తారు. అతను అలాగే వింటూ ఉన్నాడు. ఆమెకి ఆ కాసేపూ డాక్టరు ఇచ్చిన స్కాన్ కాగితాలు చూసినప్పటికన్నా ఎక్కువ భయం వేసింది.

"ఊపిరి ఒక్కటే ఉంది," అన్నాడు చివరికి. కళ్ళు తుడుచుకున్నాడు. "చెప్పాల్సిన రోజున చెప్పలేదు. దానికి నువ్వేమన్నా పడతాను. అందరి లోపలా నాకు వినబడుతుంది డానా. నా గొంతు కింద ఏముందో మాత్రం వినబడదు. రోజూ పక్కనుండి ఎవరైనా వింటే తప్ప తెలీదు. నువ్వు వింటావా?"

గొంతు విప్పడానికి ఇంకా అయిదు రోజులు గడువుంది.

"వింటాను," అంది డానా.

వచ్చిన గొంతు సన్నగా, బొంగురుగా, ఎవరిదో అన్నట్టుంది. పక్కనుంచి ఇంకెవరైనా పలికారేమోనని ఆమే బెదిరి అటు చూసింది. ఎల్లిస్ మాత్రం అటు తిరగలేదు, చెవి ఆమె వైపే ఉంచాడు.