పళ్ల గదిలో పులులు

ఆ రోజు కూడా నాగేంద్రమ్మ లేస్తూనే పళ్ల గది వైపు చూసింది. గొళ్లెం పెట్టే ఉంది. వరిగడ్డిలో రసాలు మగ్గవేసే గది అది. ముసునూరులో మామిడి తోటలున్న ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉంటుంది. అయితే వారం రోజులుగా ఆవిడ చూపంతా దాని మీదే. మధ్యాహ్నం భోజనాలయ్యాక కోడలు పుష్పవతి అందులోకి వెళ్లి లోపల గడియ వేసుకుంటోంది. గంటకు గాని బయటికి రాదు. అడిగితే కాయలు తిప్పుతున్నానంటుంది. గంటసేపు తిప్పడానికి అవేమన్నా విష్ణుచక్రాలా?

పెళ్లయి ఆరు నెలలు. పిల్ల నెమ్మదైనది, నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. నాగేంద్రమ్మకు అనుమానం అక్కడే పట్టుకుంది. అంత నెమ్మదస్తుల్ని ఆవిడ ఏనాడూ నమ్మలేదు. పైగా నిన్న తలుపుకి చెవి ఆనిస్తే లోపల మాటలు, మధ్యలో ఓ నవ్వు. ఆ గదికి తోటవైపు కిటికీ ఉంది.

"ఒరేయ్ ప్రభాకరం, నీ పెళ్లాం ఎవరితోనో మాట్లాడుతోందిరా," కొడుక్కి కాఫీ అందిస్తూ అంది.

"ఎవరితో?"

"తెలిస్తే నీకెందుకు చెబుతాను? కిటికీ అవతల తోటాయె. కాపలావాళ్లూ బండివాళ్లూ, ఎంతమంది తిరగట్లేదు?"

ప్రభాకరరావు గ్లాసు కింద పెట్టేశాడు. వాడి మొహం చూసి ఆవిడకే భయమేసింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు లేదు.

"ఇవాళ నువ్వే చూడమ్మా. నిజమైతే సాయంత్రం బస్సుకే తీసుకెళ్లి చింతలపూడిలో వాళ్ల నాన్నకి అప్పజెప్పి వస్తాను," అని కాయల బండితో నూజివీడు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం తిరుపతిరావు అరుగు మీద నడుం వాల్చాడు. మొగుడికి గురక పట్టిందాకా ఆగి, నాగేంద్రమ్మ చప్పుడు కాకుండా తోటలోకి నడిచి, కిటికీ పక్కన నక్కింది. అక్కడ మగపురుగు లేదు. లోపలికి తొంగి చూసింది.

కోడలు ఒక్కతే నేల మీద కూర్చుంది. ముందు సుద్దతో గీసిన పులిమేక ఆట గీతలు. పులులకి మూడు మామిడి టెంకలు, మేకలకి చింతగింజలు. రెండు వైపులా తనే ఆడుతోంది. "అదిగో నాన్నా, ఆ మేకని ఒంటరిగా వదిలేశావు. చూసుకోవద్దూ?" అంటోంది.

నాగేంద్రమ్మ చుట్టూ తిరిగొచ్చి తలుపు కొట్టింది. పుష్పవతి గడియ తీసి, సుద్ద అంటిన చేతులు చీరకి తుడుచుకుంది.

"ఏంటమ్మా ఈ దొంగాట? ఆడుకుంటే ఎవరన్నా వద్దన్నారా? ఆమధ్య మామయ్యగారే నిన్ను ఆటకి పిలిచి కూర్చోబెట్టుకున్నారు కదా."

"పిలిచారండీ. నాకు మేకలిచ్చారు. ఈ ఇంట్లో పులులు ఆయనవేనట, ఆడవాళ్లకి మేకలేనట." పుష్పవతి తల వంచుకుంది. "మా ఇంట్లో పులులు నావి అత్తయ్యా. అమ్మ పోయిన దగ్గర్నుంచీ నాన్న రోజూ నాతో ఆడేవారు. మేకలతో ఆడితే నా చెయ్యి ఊరికే పులుల మీదకి పోతుంది. అడిగితే బావుండదని... నాన్న ఎదురుగా ఉన్నట్టు అనుకుని ఆడుకుంటున్నాను."

నాగేంద్రమ్మ సిగ్గుతో కుంచించుకుపోయింది. గడ్డి మీద కూలబడింది.

"కిటికీలోంచి ఎవరితోనో మాట్లాడుతున్నావనుకున్నానే. పొద్దున్న వాడితో కూడా అన్నాను."

పుష్పవతి మొహం పాలిపోయింది. "ఆయన నమ్మారా?"

"నమ్మేలా చెప్పాను. వాడు రానీ, పాపం నాదేనని నీ ముందే చెబుతాను. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"అంత మాటొద్దండీ," అంటూ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. నాగేంద్రమ్మకు ఓదార్చడం చేతకాలేదు. చింతగింజలు దోసిట్లోకి తీసుకుని ముందుకు జరిగింది.

"పులులు నువ్వు తీసుకో. ఊఁ, ఆడు."

ఆట మొదలైంది. ఒక్కో మేకా గీతల మీద చేరింది. కాసేపటికి ఒక మేక పులి నోటి ముందుకొచ్చింది, పులి దూకి తినేందుకు వెనక గడి ఖాళీ. పుష్పవతి టెంక ఎత్తింది. మళ్లీ ఉన్నచోటే పెట్టేసింది.

"ఇది కావాలని వదిలేశారు కదండీ?"

నాగేంద్రమ్మ చేతిలో మిగిలిన గింజలు లెక్కపెట్టసాగింది.

"మామయ్యగారితోనూ ఇలాగే ఆడతారా?"

"గెలిస్తే ఆయన సరిగ్గా అన్నం తింటారే."

"ఎన్నాళ్ల నుంచి?"

ముప్పై ఏళ్లు. ఆ ముప్పై ఏళ్లలో తిరుపతిరావు ఒక్కసారీ కనిపెట్టలేదు. ఆరు నెలల కోడలు అరగంటలో పట్టేసింది. నాగేంద్రమ్మ కళ్లు నిండి గీతలు అలుక్కుపోయాయి.

"నాతో అలా ఆడకండి అత్తయ్యా," అంది పుష్పవతి మెల్లగా. "వెనక్కి తీసుకుని సరిగ్గా పెట్టండి."

నాగేంద్రమ్మ పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుని, ఆ గింజ తీసి, పులికి దారి లేకుండా పెట్టింది.