పైకప్పు తట్టిన దొంగ

అసైన్‌మెంట్ ఫైలు తెరిచిన మొదటి నిమిషంలోనే ఏజెంట్ నంబర్ పదిహేడు జగదీశ్వర్‌కు కడుపు మండింది. దేశభక్తితో మండిందని రాస్తే బాగుండేది కానీ, నిజం అది కాదు. మొదటి పేజీలో శోభ ఫొటో ఉంది. ఆమె పక్కన నవ్వుతూ అతీక్ అనే ఒకతను ఉన్నాడు. కింద "వ్యాపార భాగస్వాములు" అని రాసి ఉంది.

"వీళ్లు నీకు తెలుసా?" అని అడిగింది రాజకుమారి మేడమ్. హైదరాబాద్‌లో బోర్డు లేని ఒక బిల్డింగు మూడో అంతస్తులో నడిచే సైబర్ గూఢచారి విభాగానికి ఆమె చీఫ్.

"ఆమె తెలుసు మేడమ్. ఇంజనీరింగ్‌లో క్లాస్‌మేట్. ఇద్దరం కలిసి ఒక వీడియో గేమ్ మొదలుపెట్టాం."

"పూర్తి చేశారా?"

"నాకు ఈ ఉద్యోగం వచ్చింది."

మేడమ్ ఆ సంగతి వదిలేసి బ్రీఫింగ్‌లోకి వెళ్లింది. "టార్గెట్, గ్రే గేట్. విదేశీ ముఠా. గేమ్‌లు దొంగిలిస్తారు, లాక్ పగలగొడతారు, లోపల వైరస్ దూర్చి ఉచితమని నెట్‌లో వదుల్తారు. పెద్ద కంపెనీల జోలికి పోరు, వాళ్లకు లాయర్లుంటారు. నాలుగేళ్ల కింద ఈ ఇద్దరి మొదటి గేమ్‌ను ఇలాగే చేశారు. ఆడినవాళ్లు నలభై వేలమంది. కొన్నవాళ్లు ఒక పల్లెవెలుగు బస్సులో పడతారు. దొంగ కాపీ ఎక్కించుకుని కంప్యూటర్ పాడుచేసుకున్నవాళ్లు తిట్లు మాత్రం శోభకే రాశారు."

"ఇప్పుడు?"

"రెండో గేమ్ పేరు 'బాయి దిగుదాం.' బాయి అంటే అక్కడివాళ్ల మాటలో బొగ్గుగని, దాని లోపల నడిచే కథ. మూడేళ్లు పట్టింది. రేపు సాయంత్రం నాలుగింటికి రిలీజ్. మూడున్నరకే ఉచితంగా వదులుతామని గ్రే గేట్ ప్రకటించింది. అది జరిగితే శోభ ఆఫీసుకు తాళమే. రేపు మూడు గంటలకు గోదావరిఖనిలో ఎవరో వాళ్లకు ఫైనల్ కాపీ చేతికిస్తున్నారు. ఎవరో, ఎక్కడో తెలీదు. కోడ్ వర్డ్ మాత్రం తెలిసింది. 'ఇక్కడ మంచి ఇరానీ చాయ్ దొరుకుతుందా?' జవాబు, 'దొరకదు, ఉన్నదే తాగాలె.'"

"ఎలా తెలిసింది?"

"ముఠా లోపల మన మనిషి ఉన్నారు. చాలా తెలివైన ఏజెంట్. ఎవరో నీకు అనవసరం."

జగదీశ్వర్‌కు కడుపు రెండోసారి మండింది.

ఇతను చెడ్డవాడు కాదు. పనిమంతుడు కూడా. కానీ తాను వదిలేసిన దాన్ని ఇంకొకరు ఎత్తుకుని బాగుచేస్తే ఓర్వలేడు. మంచి ఏజెంటుకు ఇది చాలా చెడ్డ జబ్బు. మేడమ్ అతని చేతికి ఒక చాయ్ ఫ్లాస్కు ఇచ్చింది. పై అరలో చాయ్, కింది అరలో సిగ్నల్ జామర్. అడుగున బటన్ నొక్కితే చుట్టుపక్కల నెట్ మొత్తం చచ్చిపోతుంది.

మర్నాడు పదింటికి అతను గోదావరిఖనిలో ఒక మొబైల్ షాపు మీది గదిలో ఉన్నాడు. శోభ లేచి నిలబడింది.

"జగదీశ్? నువ్వు బ్యాంకుల ఉన్నవని చెప్పిన్రు గద!"

"అలా చెప్పమని మా ఆఫీసు ఆర్డర్." ఐడీ చూపించాడు. "ఫైనల్ కాపీ ఎవరెవరి దగ్గర ఉంది?"

"నా దగ్గర, అతీక్ దగ్గర. అంతే."

జగదీశ్వర్‌కు ఎంత సంతోషమైందంటే, ముఖం తిప్పుకోవాల్సి వచ్చింది. ఇంకేం కావాలి? కేసు అయిపోయింది. దొంగ అతీకే. అన్యాయమే అయినా, వినడానికి ఎంత హాయిగా ఉందో!

అప్పుడే అతీక్ లోపలికొచ్చాడు. చేతిలో మిర్చీ పొట్లం. "అన్న, గిప్పుడే దించిన్రు, వేడి వేడి ఉన్నయ్, తిను." వచ్చినవాడు ఎవరని కూడా అడగలేదు. అతని మంచితనం కూడా జగదీశ్వర్‌కు నచ్చలేదు.

"నీ గేమ్ ఒకసారి ఆడి చూపించు," అన్నాడు అనుమానంగా.

అతీక్ కుర్చీలో కూర్చున్నాడు. తెరమీద గనికార్మికుడు లాంప్ రూంలో దీపం తీసుకుని, చేతికర్రతో వాలు సొరంగంలోకి దిగాడు. అతీక్ పరుగు పెట్టించాడు. మొదటి మలుపులోనే పైకప్పు కూలి బొమ్మ చచ్చింది. మళ్లీ ఆడాడు. మళ్లీ చచ్చింది. అతీక్ పడీపడీ నవ్వాడు. "నేను రాసిన ఆటనే నన్ను చంపుతది అన్న. నేను ఎన్నడు బాయి దిగినోణ్ణి గాదు."

జగదీశ్వర్ జేబులోంచి ఫోన్ తీశాడు. ఆట తమ చేతికి చిక్కిందని చూపడానికి గ్రే గేట్ నెట్‌లో పెట్టిన వీడియో అది. కాపీ అమ్ముతున్న దొంగ పాత కాపీ ఆడుతూ రికార్డు చేసి పంపినట్టున్నాడు. "ఇది చూడు. ఇది నీ ఆటేనా?"

వీడియోలో బొమ్మ పరుగెత్తడం లేదు. ప్రతి మలుపు దగ్గరా ఆగుతోంది. కర్ర ఎత్తి పైకప్పును రెండుసార్లు తడుతోంది. చప్పుడు విన్నట్టు నిలబడుతోంది. అప్పుడు గానీ అడుగు వేయడం లేదు. ఒకసారి, రెండుసార్లు కాదు. తొమ్మిది నిమిషాల్లో ముప్ఫైసార్లు.

"గట్ల తడితే పాయింట్లొస్తయా?" అని అడిగాడు అతీక్ అయోమయంగా. "మేం పెట్టలేదే!"

"రావు," అంది శోభ. ఆమె వీడియోను వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. "ఆటల తట్టుడు ఉత్తదే. కర్ర అందంకోసం పెట్టినం. బాయిల మాత్రం ఉత్తది గాదు. పైన గుల్ల చప్పుడొస్తే పనోళ్ల గ్యాంగును వెనుకకు పిలవాలె."

జగదీశ్వర్ సిగ్గుపడ్డాడు. అతనూ రామకృష్ణాపూర్ బొగ్గుగని కాలనీలో పుట్టినవాడే. కంపెనీ క్వార్టర్ ఇచ్చిన రోజు వాళ్ల నాన్న సామాను దించకముందు చీపురుకట్ట తిరగేసి స్లాబంతా తట్టి చూశాడు. ఈ వీడియోను నిన్న రాత్రి పదిసార్లు చూసి కూడా ఆ సంగతి గుర్తురాలేదంటే కారణం ఒకటే. దొంగ అతీక్ కావాలని కళ్లు ముందే తీర్మానించుకున్నాయి.

"ఎవరు శోభా?"

"మా లింగమూర్తన్న," అంది ఆమె. "సర్దార్ పని. గ్యాంగుకంటే ముందు పోయి రూఫ్ తట్టి చూసుడే ఆయన డ్యూటీ. ఇంట్ల పాత లాప్‌టాప్‌ల ఆడిపిచ్చిన, తప్పులుంటే చెప్తడని. ఫైనల్ కాపీ గూడ నిన్న దాంట్లనే ఎక్కిచ్చిన." ఆమె కుర్చీలో కూలబడింది. "మా అన్న గట్ల చెయ్యడు జగదీశ్. మా అన్న..."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఫస్ట్ షిఫ్టు. మూడింటికి పైకొస్తడు. బాయిలకు ఫోన్ తీసుకపోనియ్యరు."

మూడు గంటలు. ఎక్కడ చేతులు మారబోతోందో ఇక అడగక్కర్లేదు. గని గేటు ముందే.

రెండున్నరకు గేటు ఎదురుగా చాయ్ బండి దగ్గర కొత్త చాయ్‌వాలా నిలబడ్డాడు. లుంగీ, చెవులకు మఫ్లర్, పెట్టుడు మీసం. బండి ఓనరు పూలమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని ఒకటే సతాయింపు. "అల్లం గట్ల నలగ్గొడ్తరా సారూ? ఎవరింట్ల నేర్చుకున్నవ్?" రోడ్డవతల షేర్ ఆటోలో అతీక్ డ్రైవర్ వేషంలో ఉన్నాడు, శోభ వెనక సీట్లో ఉంది. అతీక్ ఏదో అన్నాడు. అంత బాధలోనూ శోభ చిన్నగా నవ్వింది. అది చూస్తూ ఫ్లాస్కులో చాయ్ పోస్తున్న జగదీశ్వర్ రెండు అరల మధ్య మూత సరిగ్గా బిగించలేదు.

మూడుకు పది నిమిషాలుందనగా తెల్ల కారు వచ్చి ఆగింది. వెనక సీట్లో ఒక విదేశీయుడు, ఒడిలో లాప్‌టాప్. ముందు నుంచి ఒకామె దిగింది. నల్ల కళ్లద్దాలు, నీలం పట్టు కుర్తా, ఆ బొగ్గు దుమ్ములోనూ మరక అంటని తెల్ల చెప్పులు. రెండో షిఫ్టుకు వస్తున్నవాళ్లు మాటలు ఆపి చూశారు.

చెవిలోని ఇయర్‌పీస్‌లో మేడమ్ గొంతు. "వినిపిస్తోందా? అప్‌లోడ్ మొదలవనీ. అది నడుస్తుండగానే మనవాళ్లు ముఠా సర్వర్‌ను పట్టుకోవాలి. దొరికిందనగానే జామర్ నొక్కు. అప్‌లోడ్ పూర్తయ్యిందంటే శోభ పని ఖతం."

సైరన్ మోగింది. నల్లబడ్డ ముఖాలతో కార్మికులు గేటు దాటుతున్నారు. లింగమూర్తి దీపం అప్పజెప్పి, సైకిల్ స్టాండు దగ్గర తన స్కూటర్ డిక్కీ తెరిచి, పెన్‌డ్రైవ్ గుప్పిట్లో పెట్టుకుని వచ్చాడు. నలభై దాటిన మనిషి, భుజాలు వంగి ఉన్నాయి.

"ఇక్కడ మంచి ఇరానీ చాయ్ దొరుకుతుందా?" అంది నల్ల కళ్లద్దాల ఆమె.

"దొరకదు, ఉన్నదే తాగాలె," అన్నాడు లింగమూర్తి.

"ఏందిరా, నా చాయ్‌కి ఏమైంది?" అని పూలమ్మ లేవబోతే జగదీశ్వర్ ఆపాడు.

పెన్‌డ్రైవ్ చేతులు మారింది, కారు కిటికీలోంచి లోపలికి వెళ్లింది. ఆమె వెనక్కి తిరిగి కేకేసింది. "చాయ్! కారు దగ్గరికి తే!"

జగదీశ్వర్ ఫ్లాస్కుతో వెళ్లాడు. ఆమె కప్పు అందుకుంటూ పెదవి కదలకుండా అంది. "పదిహేడు, మీసం ఎడమవైపు ఊడుతోంది. నా పేరు అఫ్షీన్. ఎనిమిది నెలలుగా వీళ్ల మనిషిని. పదేళ్లుగా మన మేడమ్ మనిషిని."

చాలా తెలివైన ఏజెంట్ అంటే ఈమే! అతను పనిచేసే విభాగంలోనే, అతనికంటే మూడేళ్లు సీనియర్ అన్నమాట. కడుపు మూడోసారి మండింది.

"డెబ్బై," అన్నాడు విదేశీయుడు ఇంగ్లీషులో, లాప్‌టాప్ చూస్తూ. "ఎనభై."

"సర్వర్ ఇంకా దొరకలేదు," అంది మేడమ్ చెవిలో.

"తొంభై."

"ఆగు... దొరికింది! నొక్కు!"

జగదీశ్వర్ బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. ఫ్లాస్కు అడుగు నుంచి వెచ్చటి అల్లం చాయ్ కారి అతని మోచేతి దాకా వచ్చింది. జామర్ చాయ్‌లో మునిగి చచ్చిపోయింది.

"తొంభై నాలుగు."

కారు డోర్లన్నీ లోపలి నుంచి లాక్. అఫ్షీన్ ముఖంలో మొదటిసారి రంగు మారింది. "పదిహేడు, ఏం చేస్తున్నావ్?"

రోడ్డవతల ఆటోలోంచి శోభ దూకి పరుగెత్తుకొచ్చింది. కారును చూడలేదు. అన్న ముందు నిలబడింది.

"ఎందుకన్న?"

లింగమూర్తి ఉలిక్కిపడ్డాడు. తర్వాత అతని కళ్లు ఎర్రబడ్డాయి. "ఎందుకా? రూఫ్ చప్పుడు ఎట్లుంటదో నేను చెప్పిన. ఊటనీళ్లు ఎట్ల కారుతయో చెప్పిన. భయమైతే గుండె ఎక్కడ కొట్టుకుంటదో గూడ చెప్పిన. మూడేండ్లు డ్యూటీ దిగొచ్చి నీ పక్కన కూసోని చెప్పిన. ఆట చివర్ల పేర్లు చూసిన. అతీక్ పేరుంది. కంప్యూటర్ రిపేర్ చేసినోని పేరుంది. నా పేరేది? నా కుళ్లు నాకుండదా?"

"తొంభై ఏడు."

శోభ ఏడవలేదు. "మరిచిన్నన్న," అంది. "సాకు లేదు. నిన్ను అడిగి అడిగి రాసుకున్న, నీ పేరు రాసుడు మరిచిన. ఇంట్లోడివి గద, యాదికే రాలె."

ఆ మాటకు లింగమూర్తి ఒక్క క్షణం ఆమెను చూశాడు. అబద్ధం చెప్పి ఉంటే కదిలేవాడు కాడేమో.

"తొంభై తొమ్మిది."

పక్కన ఉన్న మనిషి చేతిలోంచి కర్ర లాక్కుని లింగమూర్తి కారు అద్దం మీద ఒక్కటి వేశాడు. ఇరవై ఏళ్లుగా రాతిని తట్టిన చెయ్యి అది. అద్దం జల్లుమని రాలింది. బొగ్గు చేతులు లోపలికి దూరి లాప్‌టాప్‌ను లాగి, టప్పున మూసి, పసిపిల్లను పట్టుకున్నట్టు గుండెకు అదుముకున్నాయి.

అప్‌లోడ్ తెగిపోయింది. గ్రే గేట్ వాళ్ల చేతిలో మిగిలింది ఒక్క శాతం తక్కువై తెరుచుకోని ఫైలు.

విదేశీయుడు అటు డోర్ తీసి పారిపోబోతే షిఫ్టు దిగిన వంద మంది ఎదురుగా ఉన్నారు. అఫ్షీన్ నింపాదిగా అతనికి బేడీలు వేసింది. ఆమె చెప్పుల మీద ఇప్పటికీ మరక లేదు.

"లింగమూర్తిని ఏం చేద్దాం మేడమ్?" అడిగాడు జగదీశ్వర్ ఇయర్‌పీస్‌లో, గొంతు తగ్గించి. నిజానికి అతని గురించి కఠినంగా మాట్లాడే ధైర్యం తనకు లేదు. ఒక పేరు దగ్గర ఎంత మంట పుడుతుందో అక్కడున్న వాళ్లందరికంటే అతనికే బాగా తెలుసు.

"ఇచ్చిందీ అతనే, ఆపిందీ అతనే. స్టేట్‌మెంట్ తీసుకో, సాక్షిగా రాయి. మిగతాది కోర్టు చూసుకుంటుంది."

నాలుగింటికి గేమ్ రిలీజైంది. శోభ ఆటోలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని బటన్ నొక్కింది. లింగమూర్తి ఆమె పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. అన్నాచెల్లెళ్లకు అంత తొందరగా మాటలు కలుస్తాయని ఎవరూ అనుకోలేదు. కాసేపటికి అతీక్ ముందు నుంచే ఫోన్ చూస్తూ చెప్పాడు. "అక్కా, కొంటున్నరు. నిజంగ కొంటున్నరు."

జగదీశ్వర్ కూడా కొన్నాడు. దూరంగా బండి చాటున, ఎవరూ చూడకుండా, పూర్తి ధర పెట్టి.

మర్నాడు ఆఫీసులో అతనికి అఫ్షీన్ రాసిన రిపోర్టు కాపీ అందింది. పదకొండు పేజీలు, చక్కటి భాష, ఒక్క తప్పు లేదు. తన పేరు కోసం రెండుసార్లు వెతికాడు. చివరి పేజీలో, చివరి పేరాలో, ఒక్క వాక్యం దొరికింది.

"ఈ ఆపరేషన్‌లో ఒక స్థానిక చాయ్ వ్యాపారి కొంతవరకు సహకరించాడు. చాయ్ బాగాలేదు."