బిడ్డీ గిన్నెలో కంగారూ మాంసం

మిట్టమధ్యాహ్నం... పడమటి క్వీన్స్‌లాండ్‌ను ఎర్రధూళి కమ్మేసింది. సూర్యుడు నెత్తుటిముద్దలా వేలాడుతున్నాడు... వానలేని ఉరుము! అంతటి ఘోరముహూర్తంలోనూ చలించని మహామాంత్రికుణ్ణి ఈ దక్షిణార్ధగోళంలో నేనొక్కణ్ణే. పేరు ఫెర్గస్. నన్ను చూస్తే పిశాచాలు సెలవుచీటీ రాసిచ్చి వెళ్లిపోతాయి.

అంతలో గొర్రెల కొట్టంలో ఒక ఆర్తనాదం... తేరుకుని చూసేసరికి నేను నీళ్ల ట్యాంకు వెనక ఉన్నాను.

అరిచింది బిడ్డీ. వేల గొర్రెలను ఒంటరిగా మళ్లించే మావిస్ అత్త కుక్క. దాని మెడ వెనక్కి విరుచుకుపోయింది. కనుపాపలు నల్లటి బిలాలయ్యాయి. అదృశ్యహస్తమేదో తిప్పుతున్నట్టు గిరగిరా తిరిగి కూలిపోయింది...

"చేతబడి అత్తా," అంటూ దాని తల దగ్గర పొట్టేలు పుర్రె పెట్టాను.

"అది అవతల పారెయ్యరా, వెధవా. నక్కలకు పెట్టిన విషం తినుంటుంది. దానికి మందు లేదు." అత్త తుపాకీ తెచ్చింది.

గొర్రెలకు టీకాలు వేస్తున్న డాక్టర్ ఒడెట్ వచ్చి బిడ్డీ గిన్నె వాసన చూసింది. "ఏం పెడుతున్నారు?"

"కంగారూ మాంసం. పురుగులు చావాలని ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పెడతాం. ఆ పని మా ఫెర్గీదే," అంటూ అత్త నన్ను చూపించింది.

"ఈ ఎండలో ఈగ వాలలేదు, రంగు మారలేదు. ఎవరి మంత్రం బాబూ?"

"పిశాచానిది," అన్నాను.

"మాంసం చెడకుండా ఎర్రగా ఉండాలని, గంధకం వాసనొచ్చే తెల్లపొడి చల్లే పిశాచమా? ఆ పొడి మాంసంలోని బి1 విటమిన్‌ను చంపేస్తుంది. వారాల తరబడి తింటే కుక్క ఇలాగే అయిపోతుంది. మావిస్, ఒక్క బి1 సూది వేసి చూస్తాను."

"లేనిపోని ఆశ పెట్టకమ్మా. విషం తిన్న కుక్కల్ని చాలా చూశా. దీన్నింకా ఏడిపించను. జరుగు."

తుపాకీ లేచింది... దిక్కులు స్తంభించాయి... నా మాంత్రికత్వం నన్నొదిలి పారిపోయింది.

"కాల్చకత్తా. పొడి నేనే చల్లా."

మరుక్షణం సూది దిగింది. పుర్రె పక్కన వేలెడంత గాజుసీసా... దాని ముందు నా క్షుద్రసామ్రాజ్యం భస్మం! సాయంత్రానికి బిడ్డీ మెడ నిలబెట్టింది. తడబడుతూ నడిచి అత్త ఒళ్లో తల పెట్టింది.

అత్త దాని చెవులు నిమురుతూ నావైపు చూడకుండానే అడిగింది. "ఫ్రీజర్ ఉండగా పొడెందుకురా?"

"పాడైంది."

"దానంతటదేనా?"

ఉరుము కూడా నా జవాబు కోసం ఆగింది.

"బీరు త్వరగా చల్లబడాలని మీట తిప్పితే విరిగింది. నువ్వు తంతావని చెప్పలేదు. మాంసం కంపు కొడితే దొరికిపోతానని రోజూ గుప్పెడు చల్లా. దానికేమీ కాదనుకున్నా అత్తా... నిజంగా."