ఎనిమిదవ ముఖం

మాటలాడక శిష్యుల మదిని వెలుగు
నింపు దక్షిణామూర్తికి నిలిచి మొక్కి,
కొలత కందని తెలివిని గుండె దలచి
చెప్పుచుంటిని యీ కథ సిగ్గుతోడ.

అది రెండువేల తొంభై ఏడవ సంవత్సరం. రాజమహేంద్రవరంలో గోదావరి దాటే పడవ ఎక్కాలంటే టికెట్టుతో పాటు ధీమానం కూడా చూపించాలి. ధీమానం అంటే మనిషి తెలివికి ప్రభుత్వం ఇచ్చిన అంకె. మణికట్టు మీది బిళ్ళను రేవులోని ద్వారం చదువుతుంది. డెబ్బైకి పైనున్నవారికి తలుపు తెరుచుకుంటుంది. లోపున్నవారికి తోడుగా బాధ్యులొకరు రావాలి.

ఆ ఉదయం ద్వారం భీమశంకరం దగ్గర ఆగిపోయింది.

"మీ ధీమానం అరవై ఒకటి. మీ వెంట బాధ్యులు ఉన్నారా?" అని అడిగింది.

"ఎందుకు లేరమ్మా! ఇదిగో, మా అక్కయ్య. నిన్ను పుట్టించింది ఈవిడే. అంటే వరసకి నువ్వు నాకు మేనకోడలివి. మేనమామని గుమ్మంలో నిలబెట్టి లెక్కలు అడుగుతావా? కాళ్ళకి నీళ్ళివ్వవేం?"

వరుసలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. బిడ్డను చంకనెత్తుకుని విసుగ్గా నిలబడిన ఒక తల్లి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. ద్వారం మాత్రం అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. వెనకనున్న డాక్టర్ మాణిక్యాంబ తన బిళ్ళ చూపించింది. నూట ముప్పై ఒకటి. తలుపు తెరుచుకుంది. తమ్ముడి నవ్వులో ఆమె పాలుపంచుకోలేకపోయింది. నలభై రోజుల్లోగా ధీమానం పెంచుకోకపోతే సంరక్షణ నిలయానికి తరలిస్తామని అతనికి వచ్చిన నోటీసు ఆమె చేతిసంచిలో ఉంది.

ఆ అంకెను కనిపెట్టింది ఆమే. పాతికేళ్ళ క్రితం, తెలివిని ఎలా కొలవాలో తెలియక ప్రపంచమంతా తర్జనభర్జన పడుతుంటే, ఆమె చూపు మన అవధానం మీద పడింది. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఎనిమిది వైపుల నుంచి అడుగుతుంటే ఒక్క బుద్ధి అన్నిటినీ మోయడం కన్న తెలివికి వేరే నిదర్శనం ఏముంటుంది? ఆ పద్ధతిలోనే ధీమాపకాన్ని నిర్మించింది. తలకు పట్టీ కడతారు. పట్టీలోని సెన్సార్లు నాడీసంధుల్లో పరుగెత్తే విద్యుత్తును చదువుతుంటాయి. యంత్రం ఒక గొంతుతో లెక్క ఇస్తుంది, మరో గొంతుతో చిక్కుముడి వేస్తుంది, ఇంకో గొంతుతో కథ చెబుతుంది. నడుమ గంటలు కొడుతుంది, ఎన్ని కొట్టిందో చివర అప్పగించమంటుంది.

అయితే యంత్రానికి ఏడు ముఖాలే అమరాయి. సభలో ఎనిమిదవవాడు అప్రస్తుత ప్రసంగి. అవధాని పద్యం అల్లుకుంటుంటే సంబంధం లేని కొంటె ప్రశ్న వేసి ఏకాగ్రత చెడగొట్టడమూ, వేడెక్కిన సభను నవ్వించి చల్లార్చడమూ అతని పని. ఆ ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆమె సహచరుడు ప్రొఫెసర్ జంపన నరసరాజు చేతులెత్తేశాడు.

"మాణిక్యాంబ గారూ, నవ్వుకి మార్కులు ఎవరేస్తారండీ? సరైన జవాబు ఇదీ అని రాసిపెట్టుకోలేని ప్రశ్న మిషనుకి పనికిరాదు. వదిలేద్దాం."

ఆమె సరేనంది. ఏడు ముఖాలతోనే ధీమాపకం దేశమంతా తిరిగింది. మరి పదేళ్ళకు, ఆ ఏడింటికీ కావలసిన నాడీసంధులను విద్యుత్తుతో బలపరిచే నాడీవర్ధని కూడా వచ్చింది.

ఆమె తమ్ముడు ముప్పై ఏళ్ళుగా కోనసీమ సభలన్నిటిలో పేరుమోసిన అప్రస్తుత ప్రసంగి. అతని బతుకంతా ఆ ఎనిమిదవ ముఖమే.

పడవలో మాణిక్యాంబ నోటీసు తీసి అతని ఒళ్ళో పెట్టింది.

"పదిహేను రోజుల వైద్యంరా భీముడూ. నొప్పి కూడా ఉండదు."

"నాకేం తక్కువైందే అక్కా?"

"తొమ్మిది పాయింట్లు."

"అంతేనా! కొత్తిమీర కట్టకి కొసరడిగినట్టు అడిగితే నీ మిషను ఇవ్వదూ?"

"నవ్వులాట కాదురా. నిలయంలో పడేస్తే నీ సంతకం కూడా చెల్లదు. గేటు దాటనివ్వరు. నీ సభలూ ఉండవు, నువ్వూ ఉండవు."

అతను నోటీసు మడిచి ఆమె సంచిలోకి తోశాడు. "పెంచుతావు సరే. మెదడు ఉన్నదంతే కదా! ఎక్కణ్ణించి తీసి ఎక్కడ వేస్తావు? ఆ తీసేది ఏమిటో చూసుకున్నావా?"

"రెండు లక్షల మందికి చేశాం. ఒక్కరు కూడా ఏదో పోయిందని చెప్పలేదు."

"పోయిన సంగతి చెప్పాల్సినవాడే పోయాడేమోనే," అన్నాడు. అక్క ముఖం పాలిపోవడం చూసి, వెంటనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "సర్లే, ఏడవకు. నువ్వు పెట్టిన మందు ఎప్పుడు కాదన్నాను?"

వైద్యం ముగిసేనాటికి అతని ధీమానం నూట నలభై మూడు. ఆమె సంతోషానికి మేర లేదు. ఆ నెలలోనే అమలాపురంలో అవధానం జరిగింది. భీమశంకరం తన ఆసనంలో నిటారుగా కూర్చున్నాడు. అవధాని మూడవ పాదంలో చిక్కుకుని, చెమట తుడుచుకుంటూ, ఆదుకోమన్నట్టు అతనివంక చూశాడు. సభంతా చెవులు రిక్కించింది.

"ఈ సమయంలో సంబంధం లేని ప్రశ్న వేయడం వల్ల ప్రయోజనం ఏముందండీ?" అన్నాడు భీమశంకరం. వేళాకోళం అనుకుని జనం నవ్వబోయి, అతని ముఖం చూసి మానుకున్నారు.

ముందు వరుసలో కూర్చున్న మాణిక్యాంబకు అప్పుడు అర్థమైంది. యంత్రం అడగనిదాన్ని మెదడు అక్కరలేనిదని తీర్మానించుకుని, ఆ బలాన్ని అడిగినవాటికి దోచిపెట్టింది. ఈ చేతులతోనే తాను తమ్ముణ్ణి తుడిచేసింది.

తప్పు దిద్దుకోవడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది. ఎనిమిదవ ముఖాన్ని కొలిచే దారి దొరికింది. జవాబును చూడడం మానేసి, విన్నవాళ్ళను చూడమని యంత్రానికి నేర్పింది. ఒక మనిషి నోరు విప్పగానే ఎదుటివారి గుండెలో బిగువు ఎంత సడలిందో, కోపం ఎంత దిగిందో, భయం ఎంత తీరిందో లెక్కగట్టించింది. నోటీసులకు చిక్కకుండా ఊళ్ళలో తలదాచుకున్న, డెబ్బైకి లోపున్న మూడువందల పన్నెండుమందిని స్వయంగా వెదికి పరీక్షించింది. పడవ సరంగులూ, పురిటిమంచం దగ్గర కూర్చునే ముసలమ్మలూ, పూలమ్మేవాళ్ళూ, ఒక్కొక్కరికీ తొంభైకి తగ్గలేదు. వర్ధని వైద్యం పొందినవాళ్ళందరికీ సున్నా. ఆమెకు తొమ్మిది.

ఆ ఫలితాలను ఆమె, ధీమానం నియమాలను నిర్ణయించే ధీమండలి ముందు పెట్టింది. అధ్యక్షుడు నరసరాజు. సభ్యులంతా నూట నలభైకి పైవాళ్ళు. అందులో కొత్తగా చేరినవాడు భీమశంకరం.

"మనం కొలిచింది సగం మనిషిని," అంది మాణిక్యాంబ. "ఎనిమిదో ముఖం కలిపితే ఈ మూడువందల మందీ మనకన్నా పైనుంటారు. వాళ్ళ సంతకాలు వాళ్ళకి తిరిగిచ్చేయండి. పేర్లూ, ఊళ్ళూ, చిరునామాలూ అన్నీ రాశాను."

నరసరాజు ఇబ్బందిగా కదిలాడు. భీమశంకరం నివేదికను చివరిదాకా చదివి తల ఎత్తాడు.

"చాలా గొప్ప పరిశోధన, డాక్టర్ గారూ."

ఆమె గుండె లేచి నిలబడింది.

"మిగతా ఏడింటిలో వెనకబడ్డవాళ్ళ శక్తి అంతా ఎక్కడ చిక్కుకుందో ఇన్నాళ్ళకి తెలిసింది. దాన్ని ఇటు మళ్ళిస్తే సరి. నేనే రుజువు. పెద్దవాళ్ళయి, అంకె తక్కువొచ్చి, నోటీసు అందేదాకా ఆగక్కర్లేదు. ఎనిమిదో ముఖంతో ఇలాంటివాళ్ళని పసితనంలోనే పోల్చుకోవచ్చు. మొదటి విడత వర్ధని వైద్యం ఈ మూడువందల పన్నెండుమందితో మొదలుపెడదామని ప్రతిపాదిస్తున్నాను."

"వాళ్ళు రోగులు కారురా!" ఆమె అరిచింది. "భీముడూ, నేనురా, అక్కని! నీలాంటి వాళ్ళు ఇంకెక్కడన్నా మిగిలారేమోనని ఊరూరా తిరిగి వెతికానురా!"

"అవునండీ. మేము వెతికితే దొరికేవాళ్ళు కాదు," అన్నాడతను మర్యాదగా. "మీరు అడిగారు కాబట్టి, నమ్మి ముందుకొచ్చారు."

చేతులన్నీ లేచాయి. జాబితాను యంత్రంలోకి ఎక్కించడానికి నరసరాజు అడుగున ఉన్న సంతకం సరిచూసుకున్నాడు. అది మాణిక్యాంబదే. నూట ముప్పై ఒకటి వచ్చిన మనిషి సంతకం కనుక చెల్లింది.

ఈ కథ విన్నవారికీ, చదివి వినిపించినవారికీ ఆ మౌనగురువు కటాక్షం కలుగుగాక! తోటివారిని తూచాలన్న బుద్ధి వారి దరి చేరకుండుగాక! వారి పిల్లల అప్రస్తుతపు మాటలు పదికాలాలపాటు చల్లగా వర్ధిల్లుగాక!