గుండీలు లేని కుర్తా

బూర్గంపాడు బజారులో షుకూర్ మిషను తొక్కడం మొదలుపెట్టాడంటే తెల్లారినట్టే లెక్క. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. మిషను చప్పుడు వింటూనే ఆ ఇంట్లో చాయ్ మరుగుతుంది, నీళ్ళు కాగుతాయి, ఆసిమ్ లేస్తాడు. ఆసిమ్ లేచాక ఇంకెవరికీ తీరిక ఉండదు. వాడికి పదహారేళ్ళు. మూతి మీద నూగు మీసం వచ్చింది గానీ బుద్ధి పసివాడి దగ్గరే ఆగిపోయింది. వాడి పళ్ళు ఒకరు తోమాలి, అన్నం ఒకరు తినిపించాలి, బట్టలు ఒకరు తొడగాలి.

ఇన్నాళ్ళూ ఆ ఒకరు తల్లి అనీసా. మొన్న నీళ్ళ తొట్టి దగ్గర కాలు జారి కుడి చెయ్యి విరగ్గొట్టుకుంది. మోచేతి దాకా సిమెంటు కట్టు వేశారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనకపోయినా, అందరి చూపూ వాడి అక్క ఆతియా మీదే పడింది.

ఆ పొద్దున ఆతియా టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే మిషను ఆగింది.

"ఎటు తయారైనవ్?" అన్నాడు షుకూర్, కళ్ళజోడు మీంచి చూస్తూ.

"సెంటరుకు, అబ్బా."

"మీ అమ్మీ చెయ్యి గట్ల ఉంటే? వాణ్ణి ఎవలు చూడాలె?"

ఆతియా డబ్బాను సంచి అడుక్కి నెట్టింది. డిగ్రీ అయిపోయింది. వచ్చే ఏడు స్పెషల్ బీఈడీలో చేరి, మందబుద్ధి పిల్లలకు చదువు చెప్పే టీచరు కావాలని ఆమె పట్టుదల. ఆ పని తనకు చేతనవుతుందో లేదో ముందు తెలుసుకొమ్మని సరళ మేడం చెబితే, భద్రాచలంలో ఆవిడ నడిపే తరగతికి జీతం లేకుండా వెళ్తోంది.

"జీతం లేదు, బత్తెం లేదు. ఎవల పిల్లలకో ముక్కులు తుడిచొస్తవ్, ఇంట్ల ఉన్నోడు కనబడడా? నేర్చుకున్నది చాలు. ఇయ్యాల పోయి చెప్పిరా, రేపటి నుంచి రానని."

"అమ్మీ చెయ్యి బాగైనాక మళ్ళ పోవచ్చా?"

మిషను మళ్ళీ మోగింది. చెయ్యి బాగవుతుంది, ఆ తర్వాత నడుము నొప్పి వస్తుంది, ఆ తర్వాత మోకాళ్ళు. ఆతియాకు ఆ వరుసంతా ఒక్కసారిగా కళ్ళ ముందు కనిపించింది. వీధి తలుపు మూసి, బయటి నుంచి గొళ్ళెం వేసి వెళ్ళింది. ఆసిమ్ రోడ్డు మీదికి పోకుండా ఆ గొళ్ళెం ఎప్పుడూ వేసే ఉంటుంది. లోపల అమ్మీ కూడా ఉంటుందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

గోదావరి వంతెన మీద ఆటో పోతున్నంతసేపూ, సరళ మేడంతో ఎలా చెప్పాలా అనే ఆలోచన. తరగతిలో అడుగు పెట్టేసరికి చాంది చొక్కా గుండీలు పెట్టుకుంటోంది. తండా నుంచి వచ్చే పదేళ్ళ పిల్ల. గుండీ కాజాలో దూరదు, జారిపోతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ముక్కు మీద చెమట. ఆతియా చెయ్యి తనంత తానే ముందుకు పోయింది.

"చేతులు!" అంది సరళ మేడం.

ఆతియా చప్పున పక్కన కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. ఆ తరగతిలో అదే మొదటి రూలు. పిల్లలు ఏదైనా చేసుకుంటుంటే పక్కనున్నవాళ్ళు చేతుల మీద కూర్చోవాలి. "నువ్వు తొడిగితే రెండు నిమిషాల పని. కానీ రేపు కూడ నువ్వే తొడగాలె, ఎల్లుండి కూడ నువ్వే," అని మొదటిరోజే చెప్పిందావిడ. వినడానికి తేలికే. చేతుల మీద కూర్చుంటేనే తెలుస్తుంది, అదెంత కష్టమో.

చాంది గుండీ దూరింది. పిల్ల పకపకా నవ్వి, గుండీని అందరికీ చూపించింది. ఆ నవ్వు చూడగానే ఆతియాకు ఏడుపొచ్చింది. ఆసిమ్ ఇలా నవ్వి ఎన్నాళ్ళయింది? అసలు వాడి ఒంటి మీద గుండీ ఎక్కడుంది? వాడు తొడుక్కునేవన్నీ తలమీంచి వేసి, వెనక నాడాలతో ముడి కట్టే కుర్తాలే. వాడంతట వాడు వేసుకోలేడు, విప్పుకోలేడు. అన్నీ అబ్బా చేత్తో కుట్టినవే.

రేపటి నుంచి రానన్న మాట ఆమె నోటి నుంచి రాలేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి షుకూర్ సారపాకలో స్కూలు పిల్లల కొలతలు తీసుకుని అప్పుడే వచ్చి కూర్చున్నాడు.

"చెప్పినవా?"

"లేదు."

"ఎందుకు?"

"ఆసిమ్‌ను కూడ తీసుకపోత అబ్బా, ఆడికి. వాడు నేర్చుకుంటడు."

"ఏం నేర్చుకుంటడు? మొన్న మొన్న పోవుడు మొదలుపెట్టి ఇయ్యాల మాకు సుద్దులు చెప్తున్నవా? బజార్ల నడిపిచ్చుకుంట తీసుకపోయి అందరికీ తమాషా చూపిస్తవా?"

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! పొద్దుటి నుంచి గొంతులో అడ్డం పడ్డదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది ఆతియాకు.

"ఊర్ల సగం మందికి నువ్వే కుడతవు అబ్బా. నీ కాజా పని చూసి పాల్వంచ నుంచి కూడ వస్తరు. నీ కొడుకు ఒంటి మీద ఒక్క గుండీ ఉందా? వాని చేతులు కట్టేసింది ఎవరు? అల్లా కాదు, నువ్వే!"

కత్తెర బల్లమీద ధన్‌మని పడింది. షుకూర్ లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది.

"గుండీ అంటున్నవా? నా ముంగట గుండీ మాట అంటున్నవా? ఇదే బల్ల కింద ఆడుకుంట మింగిండు. ముఖం నీలంగ అయింది. ఎత్తుకొని దవాఖానాకు ఉరికిన. డాక్టరు బయటికి తీసేదాక వాడు బతుకుతడో లేదో తెల్వదు నాకు. నేను కింద పడేసిన గుండీనే అది. నా చేతిలకెల్లి పడ్డదే."

ఆ సంగతి ఆతియాకు తెలుసు. చెప్పుల్లేకుండా పరిగెత్తిన తండ్రి వెనక తానూ పరిగెత్తింది. అయినా అంది, ఏడుస్తూనే అంది:

"అప్పుడు వానికి మూడేండ్లు, అబ్బా. ఇప్పుడు పదహారు."

ఆసిమ్ మంచం మీద కూర్చుని అరుపులకు చెవులు మూసుకున్నాడు.

"మీరు పోయినాక వాణ్ణి చూసేది నేనే. ఎవరూ అనకున్నా నాకు తెల్వదా?" అంది ఆతియా మెల్లగా. "చూస్త. కానీ ముడులేసుకుంట, ముద్దలు పెట్టుకుంట ముసలిదాన్నయిపోవాలంటే నాకు భయమైతది. ఒక్కోసారి వాణ్ణి చూస్తే కోపమొస్తది. తమ్ముని మీద కోపమొస్తే నేనెంత పాపిష్టిదాన్ననిపిస్తదో నీకేం తెల్సు? ఇంట్ల నేర్పనియ్యవు, బయటికి పోనియ్యవు. నన్నేం చెయ్యమంటవు?"

అప్పుడు పలికింది అనీసా. భర్త మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు, అందుకే ముందు గోడతో మాట్లాడినట్టు మొదలుపెట్టింది.

"ఇయ్యాల మధ్యాహ్నం నాకు నెత్తి తిరిగింది. మంచంల పడుకొని పాణీ పాణీ అన్న. ఎవరున్నరని ఇంట్ల? వాడే లేచిండు. కుండ కాడికి పోయిండు. గ్లాసు ముంచిండు. సగం కిందనే ఒలకబోసిండు. నాకైతే పాణమాగలే, ఉరికి పోయి గ్లాసు గుంజుకుందామనుకున్న, రోజూ అదే కదా చేసేది. చెయ్యి లేవలే. గట్లనే చూసుకుంట పండుకున్న." ఆమె కట్టు వైపు చూసుకుంది. "తెచ్చి నా నోటికి పెట్టిండు జీ. నేను వానికి పెట్టినట్టే పెట్టిండు. నా చెయ్యి విరిగింది కాబట్టి తెలిసింది, లేకుంటే సచ్చేదాక తెల్వకపోతుండె."

ఆ మాట అంటూనే ఆమె భోరుమంది. ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకోవడం అలవాటు లేక కొంగు జారిపోయింది. "మా చెల్లె పెండ్లికి నేలకొండపల్లి పోలే నేను. ఈ గొళ్ళెం వెనక నేను కూడ ఉన్న. నా బిడ్డ కూడ గిట్లనే ఉండాల్నా?"

షుకూర్ ఎవరి వైపూ చూడలేదు. దుకాణానికీ ఇంటికీ మధ్యనున్న పరదా లాగేసుకున్నాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

మర్నాడు శుక్రవారం. తెల్లారింది గానీ మిషను మోగలేదు. ఆతియా సంచి సర్దుకోలేదు. చాయ్ గ్లాసు పట్టుకుని బెరుకుగా పరదా తీసింది. తండ్రి మిషను పక్కన కింద కూర్చుని, తెల్లచొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకుని చేత్తో కాజా కుడుతున్నాడు. గుండీలు మామూలువి కావు, కోటుకు పెట్టేవి, రూపాయి బిళ్ళంత ఉన్నాయి. కాజాలూ అంతకంతే వెడల్పు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"గింత పెద్దగుంటే మింగలేడు కదా?" అన్నాడు తలెత్తకుండా.

"మింగడు అబ్బా," అంది ఆతియా.

ఆసిమ్‌కు స్నానం చేయించి, చొక్కా చేతులు ఎక్కించి మంచం మీద కూర్చోబెట్టారు. ఎదురుగా షుకూర్ కూర్చున్నాడు. తరగతిలో మొదటి రూలేమిటో ఆతియా ఏనాడో ఇంట్లో చెప్పింది.

"మీ మేడం ఏమన్నది? చేతులేడ పెట్టుకోవాలె?"

"తొడల కింద."

ముప్పై ఏళ్ళుగా ఖాళీగా ఉండని చేతులవి. వాటి మీద కూర్చున్నాడు షుకూర్. ఆసిమ్ గుండీని చూశాడు, తిప్పాడు, వదిలేశాడు. అక్క తన వేళ్ళతో గుండీ దూర్చినట్టు చేసి చూపిస్తే మళ్ళీ అందుకున్నాడు. జారింది. మళ్ళీ. షుకూర్ చెయ్యి సర్రున బయటికొచ్చింది.

"ఏందది? చేతులు!" అంది అనీసా. పెళ్ళయిన నాటి నుంచి ఆమె భర్తను గద్దించడం అదే మొదలు. షుకూర్ కిక్కురుమనకుండా చెయ్యి మళ్ళీ కింద పెట్టుకున్నాడు. ఆతియాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

ఎంతసేపటికో మొదటి గుండీ దూరింది. అయితే దాని కాజాలో కాదు, కింది దాంట్లో. తర్వాతవన్నీ అలాగే ఒక మెట్టు దిగి కూర్చున్నాయి. చొక్కా ఒక పక్క మెడ దాకా, ఒక పక్క నడుము దాకా. ఆసిమ్ అందరి ముఖాలూ చూసి నోరంతా తెరిచి నవ్వాడు.

"సరి చేయమంటవా?" అంది ఆతియా మెల్లగా.

షుకూర్ కొడుకునే చూస్తున్నాడు.

"వద్దు," అని లేచాడు. టోపీ తెచ్చి కొడుకు తలకు పెట్టాడు. "నువ్వు సెంటరుకు పోయి మీ మేడంను అడుగు, వీణ్ణి ఎప్పటి నుంచి తోలాల్నో. ఇయ్యాలైతే నాతోని జుమ్మా నమాజుకు వస్తడు. జల్దీ పోతం, వాడు మెల్లగ నడుస్తడు కదా."

ఇంట్లో అనీసా ఒక్కతే మిగిలింది. గొళ్ళెం వేయబోయిన ఆతియా చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది, వేయకుండా వచ్చేసింది.

ఆటో స్టాండు దాకా ముగ్గురూ కలిసే నడిచారు. బజారంతా వాళ్ళనే చూసింది. ఎవరైనా నవ్వుతారేమోనని ఆతియా అటూ ఇటూ చూసింది. కిరాణా కొట్టు సాంబమూర్తి గల్లాపెట్టె వెనక నుంచి తొంగిచూశాడు. మనిషి మంచివాడే, నోరే ఆగదు.

"ఏంది షుకూర్ భాయ్, కొలత తప్పని టైలర్‌వి, కొడుక్కు గుండీలు గట్ల వంకరగ పెట్టినవ్?"

షుకూర్ ఆగాడు. కొడుకు చెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు, తల మాత్రం ఎత్తే ఉంది.

"నేను పెట్టలే సాంబమూర్తీ. వాడే పెట్టుకున్నడు."