అట్ట కొంగ

పురుగుమందుల కంపెనీ ల్యాబులో మా చేపల గదికి కిటికీలుండవు. ఎప్పుడూ చల్లగా, గాలిబుడగల గుడగుడతో, నాచు వాసనతో ఉంటుంది. తొట్లు కడిగి మేత వెయ్యడం నా పని. తొట్ల పైన తీగకి వేలాడే అట్ట కొంగని తాడుతో లాగడం మా తమ్ముడి పని. మామూలు నీళ్ల తొట్టిలో చేపలు ఆ నీడ పడగానే అడుక్కి దూసుకుపోతాయి. పురుగుమందు చుక్క కలిపిన తొట్టిలోవి చావవు, జబ్బు పడవు, బాగానే తింటాయి. నీడకి మాత్రం కదలవు. కొన్నయితే పైకొచ్చి నోరు తెరుస్తాయి.

"వీటికి భయం ఎగిరిపోయిందక్కా" అని తమ్ముడు నవ్వేవాడు.

ఆ నీళ్లు మార్చేది వాడే. గ్లవ్స్ అడిగితే ల్యాబు సారు కసిరాడు. "చేపే చావని మందు నిన్నేం చేస్తుందిరా?" నాకు ఒళ్లు మండింది. పిచ్చి సన్నాసి, వాడు వట్టి చేతులే ముంచేశాడు.

బల్లిని చూసి నా వెనక దాక్కున్న పిల్లాడు వాడు. అలాంటివాడు ఒకరోజు నడిరోడ్డు మీద నిలబడి, మీదికొచ్చే లారీని తలెత్తి చూశాడట. హారన్ వీధంతా వినపడింది. వాడు కదల్లేదు. ఇంటికి తెచ్చినప్పుడు కూడా నోరు కొంచెం తెరిచే ఉంది.

"పరధ్యానం మనిషి, పాపం" అన్నాడు సారు, పరామర్శకొచ్చి. ఆ మాట నేను మర్చిపోతానా?

దినాలయ్యాక మళ్లీ పనిలోకెళ్లాను. ఆ సాయంత్రం వాన. కరెంటు పోయింది. మందు వల్ల ప్రమాదం లేదని మర్నాడు పైవాళ్లకి చెప్పాలట. ఫోన్ లైటు పట్టుకుని సారు తొట్లు చూడ్డానికొచ్చాడు.

"ఒక్క చేపా చావలేదు, చూశావా?"

"భయం చచ్చింది కదా సార్."

"పోతే పోనీవమ్మా. భయం లేకపోతే ఎవరికి నష్టం?"

బుడగలు ఆగిపోయి గదంతా నిశ్శబ్దంగా ఉంది. తాడు కిర్రుమంది.

"ఎవరక్కడ?" సారు గొంతు దిగిపోయింది.

ఎవరూ లేరు. తాడు కొస గోడ మేకుకి చుట్టే ఉంది. కొంగ కదిలింది... మెల్లగా. మామూలు తొట్టిలో చేపలన్నీ అడుక్కి పోయాయి. లైటు సారు చేతిలో, కొంగకి కిందనే ఉంది. అయినా నీడ కిందకే పడింది. తొట్టి దాటి నేల మీద పాకింది... సారు మీద పడింది. వెనకే నిలబడ్డ నా మీదా పడింది. మా తమ్ముడి తలనూనె వాసన గుప్పుమంది.

సారు కెవ్వుమని నా చెయ్యి పట్టుకున్నాడు.

కొంగ వెనక్కొచ్చింది. ఈసారి ఉలిక్కిపడ్డాడంతే.

మళ్లీ వచ్చింది...

నా చెయ్యి వదిలేశాడు. తలెత్తి చూశాడు. నోరు కొంచెం తెరుచుకుంది.

"సార్?"

"హాయిగా ఉందమ్మా."

తలుపు తీసుకుని వానలోకి నడిచాడు. గేటు దాటాడు. దూరంగా లారీ హారన్. అరుద్దామని ఊపిరి తీసుకున్నాను. నా చెవిలో ఎవరో... "అరవకక్కా."

అరవలేదు. ఏం, అరవాలా? నా తమ్ముడి కోసం ఆయన అరిచాడా? నా కడుపుమంట ఆ క్షణాన చల్లారింది. అబద్ధమెందుకు చెప్పాలి?

లోపలికొచ్చి కొంగని దించాను. అట్ట తడిసి ముద్దయింది. ఆ గదిలోకి వాన చుక్క రాదు. ఆరబెట్టి కాల్చేశాను.

నిన్న బజార్లో రోడ్డు దాటుతున్నాను. మంచి ఎండ. రెక్కలు చాచిన నీడొకటి నా మీదుగా వెళ్లింది. వెనకే హారన్. జనమంతా పక్కకి దూకారు. "తప్పుకో తల్లీ!" అని ఓ ముసలాయన అరుస్తున్నాడు. తప్పుకోవాలని నాకూ తెలుసు. కాళ్లకే తొందర పుట్టలేదు. ఆయనే జబ్బ పట్టి లాగేశాడు.

ఇంటికొచ్చి తమ్ముడి ఫొటో ముందు కూచున్నాను. ఒరేయ్, నేనురా... మీ అక్కనిరా, అని ఏడుద్దామనుకున్నాను.

ఏడుపు రాలేదు. హాయిగా ఉంది.