ముఖం కింద ముఖం

...ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో బి నొక్కితే బ్రష్. అక్కడిదాకా ఖాయం. ఆ తర్వాత డి నా, ఎక్స్ నా? నలుపు దాస్తుంది, తెలుపు చూపిస్తుంది. ఈ మాట తానే ఎందరికో నేర్పాడు. మాట గుర్తుంది, చెయ్యికే గుర్తు లేదు. సొంత ఇంటి ముందు నిలబడి తాళం ఎటు తిప్పాలో తెలియనివాడిలా తేసిక్ మౌస్ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

చెవిలో ఇయర్‌ఫోన్ గరగరలాడింది.

"అన్నా, ఏమైంది?" ఓడరేవులో చేపకేకులు అమ్మేవాడి వేషంలో ఉన్న గూఢచారి శాఖ టీమ్ లీడర్ దాల్హో. "గేటు తీసేశారు. జనం ఎక్కేస్తున్నారు. నా సరుకు మాత్రం ఎవడూ కొనట్లేదు. ఆ ఇంజనీరమ్మ ఒక్కతే కొంది, ఉప్పెక్కువని తిట్టి మరీ ఎక్కింది."

"నిజం చెప్పిందేమో."

"సాక్షి కదా, నిజమే చెప్తుంది. ఆవిడ జపాన్ చేరి కూడా చెప్పాలంటే నాకు వాడి మొహం కావాలి."

బుసాన్ నుంచి జపాన్ బయల్దేరే ఆ ఓడలో ఇంజనీరమ్మ ఉంది. క్షిపణి నక్షలు కాజేసిన విదేశీ ముఠా మీద సాక్ష్యం చెప్పడానికి వెళ్తోంది. ఆమెను నడిసముద్రంలో ముగించే మనిషీ అదే ఓడ ఎక్కుతున్నాడు. వాడి దొంగ పాస్‌పోర్టు ఫొటో తేసిక్ ఇప్పుడు కూర్చున్న ఈ ఫొటో స్టూడియో కంప్యూటర్లోనే తయారైంది. తెరమీది ముఖంలో మచ్చ లేదు, ముడత లేదు. ఓడలో సగంమంది అలాగే ఉంటారు. పాస్‌పోర్టు ఫొటో మనిషిలా లేకపోతే ఈ దేశంలో ఎవరూ ఆశ్చర్యపోరు. స్టూడియోవాడు మంచి పనివాడనుకుంటారు.

అసలు ముఖం ఆ ఫైలు అడుగున ఉంది. ముక్కలు ముక్కలుగా, అరవై పొరల్లో. వరస తప్పితే వేరే మనిషి తయారవుతాడు. ఆ వరస కనిపెట్టినవాడు తేసిక్. నేర్చుకున్నవాడు ఒక్కడే, చా మున్హో. మున్హో చనిపోయాడు.

చనిపోయాడనే చెప్పారు. సరిహద్దు అవతల పట్టుబడ్డాడని తెలిసిన రోజే పైనుంచి ఆర్డరొచ్చింది: అలాంటి మనిషి లేడు. ఫైళ్లలోంచి అతన్ని ఇతరులు తీసేశారు, ఫొటోల్లోంచి తేసిక్ తీసేశాడు. వాళ్లమ్మ షష్టిపూర్తి ఫొటోలోనూ. ముసలామె పక్కన ఖాళీ అయిన చోట వెనక తెరమీది పియోనీ పువ్వులు అతికాడు. ఆ పువ్వులు బాగా కుదిరాయి. అప్పట్నుంచి ఎక్కడ పువ్వులు కనిపించినా వాటి వెనక ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ముట్టుకోవడం మానేశాడు. మానేశాడో మరిచాడో అతనికే తెలియదు.

బి నొక్కాడు. బ్రష్ రాలేదు. మళ్లీ నొక్కాడు. తెర ఎడమ మూలన చిన్న అక్షరం మెరిసింది: అడ్డగీత కింద రెండు నిలువు గీతలు. మెసేజుల్లో పిల్లలు ఏడుపుకి వాడే అక్షరం. రెండు కళ్లు, రెండు ధారలు. తేసిక్ వీపు చల్లబడింది.

"చేతులు కూడా రిటైరయ్యాయా, తేసిక్ గారూ?" వెనక నుంచి యన్ సోహ్వా నవ్వింది. స్టూడియో ఓనరు. ముఠాకి నమ్మకస్తురాలు, తేసిక్ ఆఫీసుకి ఇంకా నమ్మకస్తురాలు. అతని భుజం మీదుగా వంగి, పట్టు స్కార్ఫు అతని చెంపకి తగులుతుంటే, అదే కీబోర్డు మీద కొరియన్‌లో దాల్హోకి మెసేజ్ కొట్టింది: ఇంకొంచెం టైమ్ పడుతుంది. అలా కొట్టడం ఇది మూడోసారి.

తేసిక్ మళ్లీ బి నొక్కాడు. మళ్లీ ఆ కన్నీళ్లు.

అప్పుడు నవ్వొచ్చింది. దెయ్యం కాదు. కీబోర్డు కొరియన్‌లో ఉంది. సాఫ్ట్‌వేర్‌కి ఇంగ్లీషు అక్షరం తప్ప వినపడదు. స్పేస్‌బార్ పక్కన భాష మార్చే మీట ఉంటుంది. అది మరిచి కీబోర్డుని తిట్టనివాడు ఈ వృత్తిలో లేడు. చేతులు మొదట్నుంచీ సరిగ్గానే నొక్కుతున్నాయి. ఈమె మెసేజ్ కొట్టిన ప్రతిసారీ భాష మారిపోతోంది.

ఆ మాట ఇయర్‌ఫోన్‌లోనే చెప్పొచ్చు కదా. కావాలనే మారుస్తోందా?

భాష మార్చాడు. బి, డి, ఎక్స్. తెల్లరంగు. ఆలోచన పక్కకి తప్పుకుంది, చెయ్యి నడిచింది. చెవి, దవడ, పగిలిన కనుబొమ్మ. అరవయ్యో పొర తేలకముందే తెలిసిపోయింది. మున్హో. వయసు పైబడింది, బుగ్గలు పీక్కుపోయాయి.

"పంపకండి," అంది సోహ్వా. నవ్వు పోయింది. "అతను జైల్లో ఉంటే అలాంటి మనిషి లేడన్నారు మీరు. ముఠావాళ్లు ఉన్నాడన్నారు. ఎవరి వైపు వెళ్తాడు చెప్పండి?"

తేసిక్ ఆ ముఖాన్ని సేవ్ చేశాడు.

"ఇంకాసేపు మర్చిపోయినట్టే ఉండండి. మర్చిపోవడం మీకు కొత్తేం కాదుగా."

"అన్నా, ఓడ తాడు విప్పుతున్నారు," అంది చెవిలో గొంతు.

తెరమీది ముఖం సూటిగా చూస్తోంది. దీన్ని మళ్లీ పువ్వులతో కప్పితే ఎవరికీ తెలియదు. ఇంజనీరమ్మ చివరిగా తిన్నది ఉప్పెక్కువైన చేపకేకు అవుతుంది. తేసిక్ పంపేశాడు.

ఇయర్‌ఫోన్‌లో గాలి చప్పుడు, పరుగెత్తే అడుగులు. సోహ్వా పారిపోలేదు. కుర్చీలో కూలబడి స్కార్ఫు విప్పుకుంది.

"దొరికాడన్నా. ఆఖరి మెట్టు మీద. ఫ్లాస్కులో విషపు సూది." దాల్హో ఆయాసపడుతున్నాడు. "స్టూడియో కిందికి మనవాళ్లని పంపాను, ఆ ఓనరుని కదలనివ్వకు. టైమ్ పడుతుందని మెసేజొచ్చింది, ఆ వెనకే నువ్వు ఫొటో పంపావు. ఆవిడే అడ్డుపడుతోందని అప్పుడే అర్థమైంది. ఇంకో సంగతి, రిపోర్టుకి వాడి పేరు కావాలి. వేలిముద్రలు పెడితే అలాంటి మనిషే పుట్టలేదంటోంది కంప్యూటర్. పుట్టనివాడికి బేడీలు వేశానని రాస్తే నా ప్రమోషన్ ఏం కాను?"

తేసిక్ తెరమీది ముఖం వైపు చూశాడు.

"రాసుకో," అన్నాడు. "చా మున్హో."